నల్లగొండ, పాలమూరు నీళ్లకు ల్యూర్ రంగు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాస్ చేప మన వైపు నీళ్లలో ఉంటుందా?

ఉండదు. గాలం వేసేవారు బాస్ అనగానే తలచుకొనే లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికాకు చెందిన మంచినీటి చేప. మన చెరువుల్లో గానీ కృష్ణలో గానీ అది లేదు. అయినా ఆ చేప కోసం రూపొందిన ల్యూర్లు అనే బొమ్మ ఎరలు, అంటే రబ్బరు కప్పలు, రేకు తిరిగే స్పిన్నర్లు, చేప బొమ్మల్లాంటి క్రాంక్‌బెయిట్లే మన దుకాణాలకు వస్తున్నాయి, వాటి మీద రాసి ఉన్న రంగుల సలహాలూ ఆ దేశపు నీళ్లను చూసి రాసినవే. మన వైపు కొర్రమట్ట అని పిలుచుకొనే కొరమీను కూడా బాస్ లాగే పొంచి ఉండి వేటాడే చేప కావడం వల్ల ఆ ల్యూర్లు ఇక్కడ పనికి వస్తాయి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన ఈ కొరమీను తుంగ పక్కన, తామరాకుల నీడలో కదలక మెదలక ఉండి, దగ్గరికి వచ్చిన కప్పనో, పరక అనే చిన్న చేపనో ఒక్క ఉదుటున అందుకుంటుంది. కాబట్టి ల్యూర్ ఆకారం అక్కడిదే అయినా ఫరవాలేదు. రంగు విషయంలో మాత్రం మన నీళ్లను మనమే చదువుకోవాలి. ఈ ప్రశ్నలన్నింటికీ నేను ఇచ్చే జవాబుల వెనుక ఉన్నది ఆ ఒక్క మాటే.

ప్యాకెట్ మీద తేట నీటికి ఇది, మురికి నీటికి ఇది అని రాసి ఉంటుంది కదా, అది చాలదా?

చాలదు, ఎందుకంటే మురికి అనే మాటకు ఒక్కో ప్రాంతంలో ఒక్కో అర్థం ఉంటుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో చాలా సరస్సుల నీరు కుళ్లిన ఆకుల కషాయం దిగడం వల్ల టీ డికాక్షన్ రంగులో ఉంటుంది, కానీ అందులో మట్టి ఉండదు. అక్కడివారు ముదురు ఊదాలో ఆకుపచ్చ మెరుపులు కలిసిన జూన్‌బగ్ అనే రంగును, నలుపు నీలం కలిసిన రంగును ఎక్కువగా వాడతారు. మన ఎర్ర చెలకల నుంచి వానకు కొట్టుకువచ్చే నీరు అలాంటిది కాదు. అందులో సన్నని మట్టి రేణువులు తేలుతూ వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. రెండు నీళ్లూ ఒడ్డున నిలబడి చూసినవారికి గోధుమ రంగుగానే కనిపిస్తాయి. నీటి అడుగున వెలుతురు మాత్రం రెండు చోట్లా ఒకే తీరుగా ఉండదు.

నీళ్లలోకి దిగాక ల్యూర్ రంగుకు ఏమవుతుంది?

సూర్యకాంతిలోని రంగులన్నీ నీటిలో ఒకే లోతు వరకు పోవు. తేట నీటిలో ముందుగా ఎరుపు ఇంకిపోతుంది. నాలుగైదు మీటర్లు దిగేసరికి ఎరుపులో ఎక్కువ భాగం మిగలదు, అక్కడ ఎర్ర ల్యూర్ బూడిద రంగుగానో నలుపుగానో కనిపిస్తుంది. అన్నిటికంటే లోతుకు పోయేది నీలం. మట్టి నీటిలో ఇది తలకిందులవుతుంది. ముందుగా పోయేది నీలం, కాస్తంత మిగిలేది పసుపు, నారింజ, ఎరుపు వైపు వెలుతురు. అది కూడా ఎంతో లోతుకు పోదు. పచ్చని నాచు నీటిలో అన్నిటికంటే బాగా మిగిలేది ఆకుపచ్చ, పసుపు వెలుతురు.

ప్యాకెట్ మీద షార్ట్రూస్ అని రాసి ఉండే నిమ్మపచ్చ లాంటి ఫ్లోరోసెంట్ రంగులకు ఒక ప్రత్యేకత ఉంది. అవి తమ మీద పడిన నీలి, ఊదా వెలుతురును పీల్చుకొని పసుపు పచ్చ వెలుతురుగా తిరిగి వెదజల్లుతాయి. మబ్బు పట్టిన రోజున కూడా అవి పక్కనున్న మామూలు పసుపు కంటే కొట్టవచ్చినట్టు కనిపించడానికి కారణం ఇదే.

నీటి తేటదనాన్ని ఒడ్డు మీద నుంచి ఎలా కొలవాలి?

ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి అనే మతాచార్యుడు, ఖగోళ శాస్త్రవేత్త, 1865లో సముద్రంలోకి తెల్లని బిళ్లను దింపి, అది కంటికి కనపడకుండా పోయిన లోతును నీటి తేటదనానికి కొలతగా తీసుకున్నాడు. నేటికీ నీటి పరీక్షల్లో ఆ పద్ధతే నడుస్తోంది. మనకు అంత సరంజామా అక్కరలేదు. నేను పాత స్టీలు డబ్బా మూతకు తెల్ల రంగు పూసి, నడుమ రంధ్రం చేసి, నైలాన్ తాడు కట్టుకున్నాను. తాడుకు జానకొక ముడి ఉంటుంది. మూత అడ్డంగా దిగడానికి కింద ఒక గులకరాయిని వైరుతో బిగించాను. దాన్ని అలుగు గోడ మీద నుంచో, బండ మీద నుంచో నీడ పడిన వైపు దింపి, మూత మాయమైన చోట ముళ్లు లెక్కపెడతాను.

జాన లోపే మూత మాయమైతే ఆ నీటిని మట్టి నీరుగా లెక్కించాలి. జాన దాటి రెండు మూరల వరకు కనిపిస్తే నడిమి రకం. బారెడు లోతులో కూడా తెల్లగా కనిపిస్తుంటే అది తేట నీరు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు ల్యూర్ పెట్టెలు అవసరమని నేను అనను, కానీ పెట్టెలో చెయ్యి పెట్టే ముందు ఈ కొలత తీసుకోవడం మాత్రం ఎన్నడూ మానను.

వానలు పడ్డాక ఊరి చెరువులు ఎర్రగా మారతాయి. అప్పుడు ఏ రంగు వాడాలి?

నలుపు. రెండో మాటగా నిమ్మపచ్చ. నాగర్‌కర్నూల్, దేవరకొండ, మునుగోడు వైపు చెలక నేలల్లోని గొలుసుకట్టు చెరువులు మొదటి పెద్ద వానకే ఇటుక పొడి కలిపినట్టు అవుతాయి. ఆ నీటిలో చేప దూరం చూడలేదు. దానికి ల్యూర్ కనిపించేది చివరి జానెడు దూరంలోనే, అది కూడా ఒక ముదురు నీడలాగా. అందువల్ల సన్నని గీతలు, పొలుసుల బొమ్మలు, అద్దంలాంటి పారదర్శక రంగులు అక్కడ వృథా. చిక్కటి నలుపు, లేదా నలుపులో నీలం కలిసిన రంగు, ఆ మసక వెలుతురులో ఆకారాన్ని స్పష్టంగా నిలుపుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే పక్క రేఖ నీటిలోని అదురును పసిగడుతుంది. మట్టి నీటిలో కొరమీనుకు మొదట అందేది రంగు కాదు, ఆ అదురే. గుండ్రని రేకు తిరిగే స్పిన్నర్ సన్నని ఆకులాంటి రేకు ఉన్నదానికంటే ఎక్కువ అదురు పుట్టిస్తుంది కాబట్టి, ఎర్ర నీటిలో నల్లని కుచ్చు, గుండ్రని రేకు ఉన్న ల్యూర్‌ను నెమ్మదిగా లాగడం మేలు.

ఒకసారి ఒక దుకాణంలో చాలా ఖరీదైన, గాజులా మెరిసే చిన్న చేప బొమ్మ ల్యూర్‌ను ఏ చెరువుకైనా పనికి వస్తుందన్న మాట నమ్మి కొన్నాను. మరునాడు ఎర్ర నీటి చెరువులో తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా దానినే విసిరాను, ఒక్క తాకిడి కూడా లేదు. చేతిలో పట్టుకొని నీటిలో బెత్తెడు లోతుకు ముంచి చూస్తే, నా వేళ్లు కనిపించాయి గానీ ఆ బొమ్మ కనిపించలేదు. నాకే కనిపించనిది చేపకు ఎలా కనిపిస్తుందన్న సందేహం నాకు అప్పుడు కలిగింది. అప్పటి నుంచి ప్రతి ల్యూర్‌నూ ముందుగా ఒడ్డు దగ్గర ముంచి చూసుకుంటున్నాను.

నాగార్జునసాగర్, సోమశిల లాంటి పెద్ద జలాశయాలకు ఒకే రంగులు సరిపోతాయా?

రెండూ కృష్ణ నీళ్లే అయినా సరిపోవు. సోమశిల దగ్గర ఉన్నది శ్రీశైలం జలాశయపు వెనుక నీరు. దానికి ఎగువన కృష్ణలో తుంగభద్ర కలుస్తుంది కాబట్టి, వరద రోజుల్లో ఆ రెండు నదులూ తెచ్చిన ఒండ్రు ముందుగా అక్కడికే చేరుతుంది. ఆ మట్టిలో చాలా భాగం శ్రీశైలంలోనే అడుగుకు దిగిపోతుంది. అందువల్ల దిగువనున్న సాగర్‌కు వచ్చే నీరు సాధారణంగా అంతకంటే తేటగా ఉంటుంది. వరదలు తగ్గి చలి మొదలయ్యాక సోమశిల నీరు కూడా క్రమంగా తేరుకుంటుంది.

తేట నీటిలో చేప ల్యూర్‌ను దూరం నుంచే చూసి, వెంబడించి, పరిశీలించి మరీ వదిలేయగలదు. అక్కడ గట్టి రంగులు దానిని బెదరగొడతాయి. వెండి రంగు, పొగ రంగు, వీపు బూడిద ఆకుపచ్చగా ఉండి పొట్ట తెల్లగా ఉన్న రంగులు ఎంచుకోవాలి. ఆ నీళ్లలో తిరిగే పరకల గుంపులను ఒడ్డు మీద నుంచి చూసినా ఈ సంగతి తెలిసిపోతుంది: వాటి వీపు దాదాపు కనిపించదు, పక్కకు ఒరిగినప్పుడు మాత్రం ఒక్క క్షణం తళుక్కుమంటుంది. చెంచా ఆకారపు రేకు ల్యూర్ అయిన సాదా వెండి స్పూన్ చేసేది సరిగ్గా ఆ తళుకునే. చిన్న తిలాపియాలు ఉన్న రాతి ఒడ్డుల్లో, బూడిద ఒంటి మీద నిలువు చారలున్న ల్యూర్ నాకు ఎక్కువ నమ్మకాన్ని ఇచ్చింది.

జూరాల సంగతి ఏమిటి?

జూరాల తుంగభద్ర కలిసే చోటుకు ఎగువన ఉంది, కాబట్టి తుంగభద్ర వరదతో దానికి సంబంధం లేదు. దానికి వచ్చేది కర్ణాటక వైపు నుంచి దిగే కృష్ణ, భీమా నదుల నీరు. ఎగువ ప్రాజెక్టుల గేట్లు ఎత్తారన్న వార్త వింటే మట్టి నీటి రంగులు పెట్టుకొని వెళ్లాలి. అయితే ఆ రోజుల్లో నీటి మట్టం ఉన్నట్టుండి పెరుగుతుంది, కృష్ణలో మొసళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి నీటిలోకి దిగకుండా ఒడ్డునే ఉండాలి.

మా చెరువు నీరు ఒక నెల తేటగా, ఒక నెల బురదగా ఉంటుంది. దీనికి కారణం ఏమిటి?

నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనుక్కుంటే కారణం తెలుస్తుంది. నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న ఉదయసముద్రాన్నే తీసుకుందాం. అది పాతకాలపు చెరువే అయినా, ఇప్పుడు మాధవరెడ్డి ప్రాజెక్టులో ఒక జలాశయం. సాగర్ ఒడ్డున పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీరు అక్కంపల్లి మీదుగా కాలువ వెంట దానికి చేరుతుంది. కాలువ నిండుగా పారే రోజుల్లో దానిలో ఉండేది సాగర్ నీరు, చుట్టుపక్కల గట్టి వాన పడిన వారంలో వచ్చి చేరేది స్థానిక వాగు నీరు. దేవరకద్ర దగ్గర కోయిల్‌సాగర్‌కు కూడా ఇలాంటి రెండు దారులే ఉన్నాయి: ఒకటి దాని సొంత పెద్దవాగు, రెండోది జూరాల నుంచి ఎత్తిపోసే నీరు.

అందుచేత ఇలాంటి చెరువులకు ఫలానా రంగు మంచిది అని ఎవరైనా ఖాయంగా చెబితే, వారు ఏ నెల గురించి చెబుతున్నారో అడగండి. నేను ఉదయసముద్రంలో కాలువ తూము దగ్గర వెండి స్పూన్ వేసి, అదే ఉదయం వాగు వచ్చి కలిసే మూలలో నల్ల స్పిన్నర్ వేసిన రోజులు ఉన్నాయి. ఆ రెండు నీళ్లూ కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది. తేట నీటి వైపు నిలబడి ఆ గీత వెంబడి విసరడం నాకు తెలిసిన అన్నిటికంటే మంచి పద్ధతి.

ఎండాకాలంలో నాచు, తామర నిండిన కుంటల్లో కప్ప ల్యూర్‌కు ఏ రంగు మంచిది?

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు కప్ప వీపు రంగును చూసి కొనడం. ఆకుల మీద పాకే కప్పను చేప కింద నుంచి చూస్తుంది, దానికి కనిపించేది పొట్ట మాత్రమే. వీపు రంగు మనకోసం: దూరాన ల్యూర్ ఎక్కడ ఉన్నదో మన కంటికి ఆనాలి. కాబట్టి వీపు ఏదైనా సరే, పొట్టను చూసి ఎంచుకోండి. పైన ఆకాశం వెలుగుతుంటే నల్ల పొట్ట నీడలా స్పష్టంగా కనిపిస్తుంది. నాచు పలుచగా ఉండి నీరు కొంత తేటగా ఉన్నచోట తెల్ల పొట్ట, లేత పసుపు పొట్ట నిజమైన కప్పను తలపిస్తాయి.

డిండి వైపు ఒక కుంట దగ్గర పుట్టిలో వల తీస్తున్న ఒక పెద్దాయన, నేను తెల్ల కప్పను విసరడం చాలాసేపు చూసి, “పొద్దు ఇంక పైకి రాలే బిడ్డా, ఆ తెల్లది తీసి నల్లది కట్టు,” అన్నారు. కట్టాను. తామరాకుల నడుమ అరచేయంత సందు ఒకటి ఉంది. నల్ల కప్ప ఆ సందు అంచున ఆగగానే పక్కనున్న ఆకు ముందు వణికింది, తరువాత ఆకుతో సహా నీరు గుంటలా లోపలికి పోయింది. ఆ కొరమీను నా మోచేతి నుంచి వేళ్ల కొన దాకా ఉంది. రంగు వల్లనే పడిందని నేను ప్రమాణం చేయలేను, కానీ అంతకుముందు గంటసేపు అదే సందులో తెల్ల కప్పను ఏదీ ముట్టలేదు.

మూసీ నీళ్లలో ఎలా?

మూసీ హైదరాబాదు మురుగును మోసుకొని వస్తుంది. సోలిపేట దగ్గరి ప్రాజెక్టు నుంచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే దాకా నీరు చాలా చోట్ల నల్లగానో, గుర్రపుడెక్క కప్పుకొనో ఉంటుంది. రంగు వరకే అడిగితే నలుపు, నిమ్మపచ్చ చాలు. కానీ ఆ నీటిలో పట్టిన చేపను నేను ఇంటికి తీసుకుపోను. ఆ నది పట్ల నాకు ఉన్న బాధను ఇక్కడ ఇంతకంటే విస్తరించను.

అసలు చేపకు రంగులు కనిపిస్తాయా?

కనిపిస్తాయి, కానీ మనకు కనిపించినట్టు కాదు. లార్జ్‌మౌత్ బాస్ మీద జరిగిన పరిశోధనల్లో దాని కంటిలో రంగులను గుర్తించే శంకు కణాలు రెండు రకాలేనని తేలింది: ఒకటి ఆకుపచ్చకు, మరొకటి ఎరుపుకు స్పందిస్తుంది. మన కంటిలో మూడు రకాలు ఉంటాయి. అందువల్ల బాస్ ఎరుపును, ఆకుపచ్చను బాగా గుర్తుపడుతుంది గానీ, నిమ్మపచ్చకూ తెలుపుకూ, నీలానికీ నలుపుకూ మధ్య తేడాను అంతగా పోల్చుకోలేదు. ఈ వివరాలు బాస్‌కు చెందినవి. కొరమీను కన్ను కూడా అంతేనని అనుకోవడానికి వీలులేదు. అందుకే నేను రంగు పేరు కంటే, ఆ నీటి నేపథ్యంలో ల్యూర్ ముదురుగా కనిపిస్తుందా లేతగా కనిపిస్తుందా అన్నదానికే ఎక్కువ విలువ ఇస్తాను.

బాస్ పెట్టెల్లో ఎర్ర క్రాంక్‌బెయిట్ తప్పకుండా ఉంటుంది. మనం కూడా కొనాలా?

ఆ ఎరుపు, రొయ్యను పోలిన మంచినీటి జీవి అయిన క్రేఫిష్‌ను అనుకరించేది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో చలి ముగిసే రోజుల్లో నీటి మొక్కలున్న జలాశయాల్లో ఎర్ర ల్యూర్లకు మంచి పేరు ఉండడానికి క్రేఫిషే కారణం. భారతదేశపు సహజ జలచరాల్లో క్రేఫిష్ లేదు. మన చేపలు ఎరిగినవి రొయ్యలు, ఎండ్రకాయలు, పరకలు, కప్పలు. కాబట్టి ఆ ఎర్ర ల్యూర్ మీద పెట్టే డబ్బును గోధుమ రంగు రబ్బరు రొయ్య మీద పెట్టండి.

వేళను బట్టి రంగు మార్చాలా?

తెల్లవారుజామున, మునిమాపున వెలుతురు తక్కువ కాబట్టి ముదురు రంగులు. ఎండ నిటారుగా ఉన్నప్పుడు వెండి, తెలుపు తళుకు. మబ్బు రోజున తళుకు పనిచేయదు, నిమ్మపచ్చ లేదా మెరుపు లేని తెలుపు మేలు. చీకటి పడ్డాక చేప కంటికి రంగులు దాదాపు ఆనవు, ఆకారమే ఆనుతుంది. రాత్రివేళ వాలుగ కోసం కూర్చొనేవారు నల్ల ల్యూర్ ఒక్కటి దగ్గర ఉంచుకుంటే చాలు.

కొత్తగా మొదలుపెట్టేవారు ఎన్ని రంగులు కొనాలి?

నాలుగు: నలుపు, వెండి లేదా తెలుపు, నిమ్మపచ్చ, పొట్ట లేతగా ఉన్న ఆకుపచ్చ కప్ప. ఇరవై రంగులున్న పెట్టె తెరిస్తే చెరువు మీద ఉండాల్సిన కన్ను పెట్టె మీద ఉంటుంది. ఐదో రంగు కొనే డబ్బుతో పదునైన గాలాలు కొనుక్కోండి.

ఎంతసేపటికి రంగు మార్చాలి?

ముందు చోటు మార్చండి, తరువాత లాగే వేగం మార్చండి, ఆ తరువాతనే రంగు మార్చండి. చేప వెంబడించి వచ్చి ముట్టకుండా వెనుదిరుగుతుంటే మాత్రం అది రంగు లేదా పరిమాణం గురించిన ఫిర్యాదు. అప్పుడు వెంటనే ఒక మెట్టు లేత రంగుకు, చిన్న ల్యూర్‌కు మారాలి.

ఎక్కడైనా గాలం వేయవచ్చా?

వేయకూడదు. చాలా చెరువుల్లో చేపల హక్కు ఊరి మత్స్య సహకార సంఘానిది. వారు చెరువులో చేప పిల్లలను వదిలి, కాపాడుకొని, దానితోనే బతుకుతారు. అడిగి, ఒప్పుకుంటేనే కూర్చోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోకి వచ్చే కృష్ణ ఒడ్డులకు గాలంతో వెళ్లరాదు.

రబ్బరు ల్యూర్ల రంగులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. ఎలా దాచాలి?

వచ్చిన ప్యాకెట్లలోనే, రంగు రంగుకు వేరుగా దాచాలి. నలుపును తెలుపు పక్కన పెడితే వారంలో తెలుపు మచ్చలు పడుతుంది. కొన్ని రబ్బరు ల్యూర్లు గట్టి ప్లాస్టిక్ పెట్టెను కూడా కరిగిస్తాయి. మన ఎండలో మోటారు సైకిల్ డిక్కీలో వదిలేస్తే అన్నీ ఒక్క ముద్ద అవుతాయి.

నీటి మీద ఎర్రని చిన్న చేప పిల్లల గుంపు తిరుగుతున్నది. దాని దగ్గర ఏ రంగు వేస్తే పెద్ద కొరమీను పడుతుంది?

ఏ రంగు వేసినా పడుతుంది. అందుకే వేయవద్దని వేడుకుంటున్నాను. ఆ నారింజ ఎరుపు గుంపు కొరమీను పిల్లలది. వానలు మొదలయ్యాక గట్ల అంచున, దోసిలి నిండా కుంకుమ చల్లినట్టు అవి గుండ్రంగా కదులుతూ, ఊపిరి కోసం అన్నీ ఒక్కసారిగా పైకి వస్తాయి. వాటి కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. ఆ వేళ అవి ల్యూర్ మీద పడేది ఆకలితో కాదు, పిల్లల జోలికి వచ్చినదాన్ని తరమడానికి. కాపలా చేపను లాగేస్తే ఆ గుంపు మీద పరకలు, జెల్లలు, కొంగలు పడతాయి. నేను ఒకసారి తెలియక అలా పట్టాను. చేపను ఒడ్డుకు తెచ్చి గాలం విడదీసేలోపే, ఎర్రగా ఉన్న చోట నీరు చిటపటలాడి, కాసేపటికి మామూలు నీరైంది. ఇప్పుడు ఆ ఎరుపు కనిపిస్తే లైన్ చుట్టేసి, కట్ట వెంట నడిచి రెండో తూము దాటాకే మళ్లీ విసురుతాను.